చెద పట్టిన తోట రైలు: మళ్లీ కట్టేవారు అడిగే ప్రశ్నలు

తోటలో చిన్న సైజు బొమ్మ రైలుకు లైను వేసుకున్నవాళ్లకు వాన, ఎండ, రాలిన ఆకులు, పట్టాల మీద నిద్రపోయే పిల్లులు అన్నీ అలవాటే. చెదలు మాత్రం వేరు. పైన పట్టాలు మెరుస్తూనే ఉంటాయి, కింద దూలం గుల్లయిపోతూ ఉంటుంది. నా లైను తొమ్మిదేళ్లు బాగా నడిచింది. ఒక రోజు పెద్ద మలుపు దగ్గర రైలు మొత్తం పక్కకు ఒరిగి పడిపోయింది. కింద దూలాన్ని బొటనవేలితో నొక్కితే తడిసిన అట్టపెట్టెలా లోపలికి పోయింది. విప్పడానికి, ఆగడానికి, మళ్లీ కట్టడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో నేర్చుకున్నవి, ఇదే దెబ్బ తిన్న మిగతావాళ్లు నన్ను అడిగినవి కలిపి రాస్తున్నాను.

ముందే ఒక మాట. తోటలోంచి చెదలను శాశ్వతంగా పంపేయడం కుదరదు. కానీ మన కంటపడకుండా అవి పైకి ఎక్కలేని విధంగా లైను కట్టుకోవచ్చు. కింది జవాబుల్లో చాలావరకు ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి.

లైను కుంగింది, చెదలు కనిపించాయి. ముందు ఏం చేయాలి?

వెంటనే ఏదీ పీకకండి. కోపంలో దూలాలన్నీ లాగి పడేస్తే రెండు నష్టాలు. చెదలు కలవరపడి ఆ దారి వదిలేసి, మీకు తెలియని ఇంకో దారి పట్టుకుంటాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూపించే గుర్తులూ పోతాయి. ముందు లైను మొత్తం ఫోటోలు తీయండి. స్క్రూడ్రైవర్ పిడితో మీటరుకు ఒకచోట దూలాన్ని తట్టండి. గట్టి చెక్క టంగుమంటుంది, చెద తిన్నది డొల్లగా పలుకుతుంది. డొల్లగా వినిపించిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, ఒక కాగితం మీద లైను పటం గీసి అందులోనూ రాసుకోండి.

నా పటం పూర్తయ్యాక చూస్తే దెబ్బ తిన్న చోట్లన్నీ రెండే గుంపులుగా కనిపించాయి. ఒకటి నీళ్ల కుళాయి దగ్గర. రెండోది ఎప్పుడో కొట్టేసిన చెట్టు మొద్దు పక్కన. లైను మొత్తం పోయిందని నేను ఏడుస్తున్నప్పుడు నిజానికి మూడో వంతే పోయింది. ఆ పటం గీయకపోతే అది తెలిసేది కాదు.

ఇది చెదలేనా, మామూలు కుళ్లా, చీమలా?

చెక్కను కత్తితో చీల్చి చూడండి. భూమిలోంచి వచ్చే చెదలు మెత్తటి పొరలు తినేసి గట్టి పొరలు వదిలేస్తాయి. అందుకే లోపల పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉంటుంది, మధ్యలో మట్టి అతికి ఉంటుంది. కుళ్లిన చెక్క అలా ఉండదు. అడ్డంగా, నిలువుగా పగిలి చిన్న దిమ్మల్లా విడిపోతుంది, లేదా పీచుపీచుగా మెత్తబడుతుంది. రెండూ కలిసి ఉండడం కూడా మామూలే, ఎందుకంటే రెండింటికీ కావలసింది తడి.

మట్టి లేకుండా సొరంగాలు శుభ్రంగా ఉండి, కింద గసగసాల్లా చిన్న గింజలు రాలుతుంటే అవి పొడి చెక్కలోనే బతికే చెదలు. ఆ గింజలను భూతద్దంలో చూస్తే ఆరు పలకలు కనిపిస్తాయి. వాటికి మట్టితో పని లేదు కాబట్టి వైద్యం కూడా వేరే.

రెక్కల పురుగులు దొరికితే మూడు గుర్తులు చూడండి. చెదకు నడుము సన్నబడదు, మీసాలు తిన్నగా పూసల దండలా ఉంటాయి, నాలుగు రెక్కలూ ఒకే పొడవు. చీమకు నడుము సన్నం, మీసం మోచేయిలా వంగుతుంది, ముందు రెక్కలు పెద్దవి. తొలకరి తర్వాత దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లు చాలావరకు ఈ రెక్కల చెదలే.

నా స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా ఉండే పట్టీలు) ప్లాస్టిక్, పట్టాలు ఇత్తడి. మరి లైను ఎలా పాడైంది?

చెదలు తిన్నది లైనును కాదు, లైను కింద ఉన్నదాన్ని. 45 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) తోట రైళ్లకు జర్మనీ బొమ్మ రైళ్ల బ్రాండు ఎల్‌జీబీ 1968లో ప్రాణం పోసినప్పటి నుంచి ఈ పట్టాలను బయట వాతావరణానికి తట్టుకునేలానే చేస్తున్నారు. ఎండకు పెళుసెక్కని ప్లాస్టిక్ స్లీపర్లు, 8.4 మి.మీ. ఎత్తు ఇత్తడి పట్టాలు. వాటి మీద మనిషి కాలేసినా వంగవు. మనమేమో అంత గట్టి లైనును తీసుకెళ్లి ప్లైవుడ్ మీద, మామూలు చెక్క మీద పెట్టి మేకులు కొట్టి, ఆ చెక్క మట్టిని తాకేలా వదిలేస్తాం. బేస్ ఒక సెంటీమీటరు కుంగితే చాలు. పట్టాల్లో ఒకటి కిందికి, ఒకటి పైకి అయి చక్రం పట్టా ఎక్కేస్తుంది.

వేడి దేశాల్లో అసలు రైల్వేలు చెక్క స్లీపర్లు వదిలి ఇనుప స్లీపర్ల వైపు వెళ్లడానికి చెదలు కూడా ఒక కారణం. వాళ్లు నేర్చుకున్న పాఠాన్నే మనం చిన్న సైజులో మళ్లీ నేర్చుకుంటున్నాం.

పాత పట్టాలు, పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించేవి) మళ్లీ వాడొచ్చా?

పట్టాలు తప్పకుండా వాడొచ్చు. విప్పి, మట్టి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. పట్టాలను కలిపి కరెంటును ముందుకు పంపే జాయినర్లు మాత్రం ఒక్కొక్కటీ చూడండి. కుంగిన లైనులో అవి సాగిపోయి వదులవుతాయి, తర్వాత కరెంటు అందదు. నేను జాయినర్లన్నీ కొత్తవి వేశాను, ఆ ఖర్చుకు బాధపడలేదు.

పాయింట్ల మోటార్లు మూత తీసి చూడకుండా బిగించవద్దు. చెదలకు చీకటి, తేమ, మూసిన చోటు ఇష్టం. నా మూడు మోటార్లలో రెండింటి నిండా గట్టి మట్టి ఉంది. ఒకటి కడిగితే పనిచేసింది. రెండోదానిలో తీగ తుప్పు పట్టింది.

ఇంజిన్లు, బోగీల సంగతి?

లోహం, ప్లాస్టిక్ బళ్లకు భయం లేదు. భయమంతా అవి ఉంచే అట్టపెట్టెలకు. అట్ట అంటే చెదకు సిద్ధంగా వండి పెట్టిన అన్నం. పాత ఇంజిన్ల అసలు పెట్టెలు దాచుకునేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. షెడ్డులో నేల మీద పెట్టిన పెట్టెలు వెంటనే తీసి చూడండి. తర్వాత మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో, గోడకు కాస్త ఎడంగా, ఇనుప రాక్ మీద పెట్టండి.

చేతితో చేసిన చెక్క బోగీలో భూమి చెదలు దూరి ఉంటే దాన్ని మట్టికి దూరంగా పొడి గదిలో పెడితే చాలు. తేమ అందక లోపలున్నవి చచ్చిపోతాయి. పొడి చెక్క చెదలైతే అలా చావవు. ఆ బోగీని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి.

చెదలు వైర్లు, థర్మోకోల్ కూడా తింటాయా?

వాటికి ఆహారం సెల్యులోజ్, అంటే చెక్క, కాగితం, ఎండుగడ్డి లాంటివి. థర్మోకోల్ వాటికి ఆహారం కాదు. కానీ దారిలో అడ్డొస్తే కొరికి సొరంగం చేసుకుంటాయి. కొండ కోసం పేర్చిన ఫోమ్ దిమ్మలు వాటికి చక్కటి దాగుడు దారి అవుతాయి, బయటికి ఏమీ కనిపించదు. మెత్తటి ప్లాస్టిక్ తొడుగు ఉన్న వైర్లనూ కొరుకుతాయి. మట్టిలో వైరును నేరుగా పాతకుండా గట్టి పైపులో వేసి, రెండు చివర్లూ సీల్ చేయండి.

మందు కొట్టిస్తే సరిపోదా? బేస్ మార్చాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే. మందు ఒక్కటే సరిపోదు. మందు అసలు వద్దని కూడా అనను.

చెదల గూడు మీ లైను కింద ఉండాలని లేదు. పదుల మీటర్ల దూరం నుంచి కూడా అవి భూమిలో దారులు వేసుకుని వస్తాయి. కనిపించిన చోట పైపైన మందు కొడితే అక్కడున్న కూలి చెదలు చస్తాయి, గూడు అలాగే ఉంటుంది. కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి పోయకండి. ఆ నేలలో మొక్క బతకదు, నీళ్లు పాడవుతాయి, నాలుగు రోజులకు చెదలు పక్క నుంచి వస్తాయి.

పనిచేసే పద్ధతులు రెండు రకాలు. ఒకటి, మట్టిలో మందు కలిపి అడ్డుగోడలా చేయడం. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివాటి వాసన చెదలు పసిగట్టలేవు. అందులోంచి నడిచి వెళ్లి మిగతావాటికీ అంటిస్తాయి. ఇవి తేనెటీగలకు చాలా ప్రమాదకరం. ఫిప్రోనిల్ చేపలకు కూడా. తోట రైలు చుట్టూ పూల మొక్కలు, చిన్న చెరువు ఉండడం మామూలే కాబట్టి నేను ఈ పద్ధతిని ఇంటి పునాది వైపు మాత్రమే చేయించాను. అది కూడా లైసెన్స్ ఉన్నవాళ్లతో.

రెండోది ఎర. భూమిలో చిన్న డబ్బాలు పాతి వాటిలో చెదలు తినే పదార్థం పెడతారు. అందులో హెక్సాఫ్లుమురాన్ లాంటి మందు కలుపుతారు. చెద పురుగు పెరిగేటప్పుడు చర్మం విడుస్తుంది. ఈ మందు కొత్త చర్మం ఏర్పడనివ్వదు. అవి ఒకదాని నోటి నుంచి ఇంకొకటి తింటాయి కాబట్టి మందు గూడంతా పాకుతుంది. మందు పరిమాణం చాలా తక్కువ, నేలంతా తడపనక్కరలేదు. లోపం ఏమిటంటే నెలలు పడుతుంది. ఆ నెలల్లో డబ్బాలను కదపకూడదు, పక్కన వేరే మందు చల్లకూడదు. తోటకు నాకు నచ్చిన పద్ధతి ఇదే. ఆ ఎదురుచూపులోనే నేను కొత్త లైను పటం గీసుకున్నాను.

ఇక బేస్ సంగతి. మందు ప్రభావం కొన్నేళ్లకు తగ్గుతుంది. తడి మట్టిలో ఉన్న చెక్క మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే మార్చాలి.

తోటలో ఉంటే ఇంటికి కూడా వస్తాయా?

రావచ్చు. లైను ఇంటి గోడ పక్కగా వెళ్తుంటే ఆ దూలమే వాటికి వంతెన. లైను సంగతి తర్వాత, ముందు ఇల్లు చూపించుకోండి.

విప్పిన పాత చెక్క ఏం చేయాలి?

తోటలోనే పాతిపెట్టవద్దు, మూలన పోగు పెట్టవద్దు. అది కొత్త గూటికి పిలుపు. మందు ఎక్కించిన చెక్కను, ముఖ్యంగా పాత కాలపు ఆకుపచ్చ రంగు చెక్కను, ఎప్పుడూ కాల్చవద్దు. అందులో ఆర్సెనిక్ ఉండొచ్చు, పొగలోనూ బూడిదలోనూ అది ఉంటుంది. మీ ఊరి చెత్త విభాగానికి విడిగా చెప్పి అప్పగించండి. భూమిలో విరిగి మిగిలిన గుంజల మొదళ్లు, మేకులు కొట్టిన పుల్లలు కూడా ఒక్కటి వదలకుండా తవ్వి తీయండి. అన్నిటికంటే విసుగు పుట్టించిన పని ఇదే. రెండు వారాంతాలు పట్టింది.

కొత్త బేస్ దేనితో కట్టాలి?

నేల మట్టానికే లైను కావాలంటే కంకర కాలువ మంచిది. పట్టా వెడల్పు కంటే కాస్త ఎక్కువగా, 10 నుంచి 15 సెం.మీ. లోతు కాలువ తవ్వి, మూలలు పదునుగా ఉన్న చిన్న కంకర, రాతి డస్ట్ కలిపి పొరలుగా వేసి కుదించాలి. గుండ్రటి నది గులకరాళ్లు వద్దు, అవి దొర్లిపోతాయి. పట్టాలు ఆ కంకర మీద తేలినట్టు ఉంటాయి, దేనికీ బిగించి ఉండవు. వాన తర్వాత అక్కడక్కడ సర్దాలి, కానీ సర్దడం పది నిమిషాల పని. చెద తినడానికి అందులో ఏమీ లేదు. ఆస్ట్రేలియాలో ఒకే కొలతకు జల్లించిన రాతి రేణువులను ఇళ్ల కింద చెదకు అడ్డుగా వేస్తారు. రేణువు చెద కదపలేనంత పెద్దది, సందు అది దూరలేనంత చిన్నది. మన కంకరలో అన్ని సైజులూ ఉంటాయి కాబట్టి అది అడ్డుగోడ అవుతుందని అనుకోకండి.

కాంక్రీటు దిమ్మె గట్టిది, శాశ్వతం. కానీ మలుపు తప్పు వేస్తే సుత్తితో పగలగొట్టాల్సిందే. ఇంకో సంగతి: కాంక్రీటు పోయడానికి వాడిన చెక్క పలకలను తప్పకుండా తీసేయండి. చాలామంది పక్కనున్నది కనిపించడం లేదు కదా అని మట్టిలోనే వదిలేస్తారు. కాంక్రీటుకు పగులు వస్తే సన్నటి సందు కూడా చెదకు దారే.

ఎత్తు మీద కట్టే లైనుకు నేను ఎంచుకున్నది రీసైకిల్ ప్లాస్టిక్ పట్టీల నిచ్చెన. రెండు పొడవాటి పట్టీలు, మధ్యలో దిమ్మలు, కింద భూమిలో దిగిన గుంజలు. పట్టీ వంగుతుంది కాబట్టి మలుపు దానంతట అదే సాఫీగా వస్తుంది. చెక్కతో వేసినప్పుడు నేను ఎన్నడూ అంత అందమైన మలుపు చూడలేదు. ఒక జాగ్రత్త ఏమిటంటే ఈ ప్లాస్టిక్ ఎండకు ఇత్తడి కంటే కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది. పట్టాలను దానికి గట్టిగా బిగించకుండా స్క్రూకు పొడవాటి రంధ్రం ఇచ్చి వదులుగా ఉంచాలి.

గుంజలు ఇనుపవి కావచ్చు, పీవీసీ పైపులు కావచ్చు, సిమెంటు ఇటుకలు కావచ్చు. ఇక్కడే నేను మొదట చెప్పిన మాట గుర్తు చేసుకోండి. బోలుగా ఉన్న పైపు, బోలుగా ఉన్న ఇటుక చెదకు లోపలి మెట్లు. బయటి నుంచి ఎంత చూసినా కనిపించదు. అందుకే ప్రతి బోలును సిమెంటుతో నింపండి లేదా పైన మూత వేసి సీల్ చేయండి. అప్పుడు చెద పైకి ఎక్కాలంటే గుంజ బయటి వైపు మట్టి గొట్టం కట్టుకుంటూ రావాల్సిందే. నేలకూ బేస్ అడుగుకూ మధ్య కనీసం 15 సెం.మీ. ఖాళీ ఉంచితే ఆ మట్టి గొట్టం మీ కళ్లకు కనిపిస్తుంది.

చెక్కంటే నాకు ఇష్టం. అసలు వాడకూడదా?

వాడండి, మట్టికి తాకనివ్వకండి. చేవదేరిన టేకు చాలా కాలం ఆగుతుంది, కానీ అదే చెట్టు పైపొర తెల్ల చెక్కను చెద వదలదు. ఒత్తిడితో మందు ఎక్కించిన చెక్క తీసుకుంటే, కోసిన ప్రతి చివరకూ మళ్లీ మందు పూయాలి. మందు లోపలిదాకా వెళ్లి ఉండకపోవచ్చు, కోతతో పచ్చి చెక్క బయటపడుతుంది. బోరాక్స్ జాతి మందులు నీళ్లలో కరిగిపోతాయి. వానలో తడిసే వంతెనకు వాటి మీద ఆధారపడకండి, షెడ్డు లోపలి చెక్కకు బాగా పనికొస్తాయి.

నా చెక్క వంతెన మొత్తం పోయింది. మళ్లీ అలాంటిదే ఎలా?

నా పని మొత్తంలో మనసుకు ఎక్కువ కష్టం కలిగించింది ఇదే. పుల్ల పుల్లా కోసి ఒక వేసవి అంతా చేసిన వంతెన అది. కాళ్లు పది సెం.మీ. మట్టిలో ఉండేవి. పైన ఒక్క పుల్లకూ దెబ్బ లేదు, కాళ్లన్నీ గుల్ల.

అందుకే పై భాగం అలాగే కాపాడాను. ప్రతి కాలునూ దెబ్బ తగలని చోటికి కోసి, కింద సిమెంటు పీఠాలు పోసి, వాటి మీద చిన్న ఇత్తడి చప్టా ముక్కలు పెట్టి కాళ్లు నిలబెట్టాను. వంతెన కాస్త పొట్టిదయింది, పీఠాలతో ఎత్తు సరిపోయింది. పీఠాలకు రాయి రంగు వేస్తే అసలు రైల్వే వంతెనల రాతి కాళ్లలాగే కనిపిస్తాయి. మొత్తం కొత్తది చేసేవాళ్లు పీవీసీ పట్టీలతో చేసి చెక్క రంగు పూయొచ్చు. రెండు మీటర్ల దూరం నుంచి తేడా పట్టుకోవడం కష్టం.

స్టేషన్లు, ఇళ్లు?

పీవీసీ ఫోమ్ షీటు, అక్రిలిక్, సిమెంటు పోతతో చేయండి. ఏ కట్టడాన్నీ నేరుగా మట్టి మీద పెట్టవద్దు, ఒక రాతి పలక మీద పెట్టండి. నెలకోసారి ఎత్తి కింద చూడండి.

మట్టాలు, వాలు మళ్లీ ఎలా కుదరాలి?

కుంగిన పాత లైను ఎత్తులను నమ్మకండి. పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి తాపీ మేస్త్రీలు చూసే పద్ధతిలో లైను చుట్టూ మట్టం పెట్టుకోండి. పట్టాల అడ్డ మట్టానికి చిన్న రసమట్టం సరిపోతుంది. వాలు మీటరుకు 2 సెం.మీ. దాటకపోతే ఇంజిన్ హాయిగా లాగుతుంది. మళ్లీ కట్టడంలో ఒక లాభం ఉంది, పాత తప్పులు సరిదిద్దుకోవచ్చు. నేను 60 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న ఒక బిగుతైన మలుపును 1.2 మీటర్లకు పెంచాను. పొడవాటి బోగీలు ఇప్పుడు ఒకదాన్నొకటి గుద్దుకోవడం లేదు.

ఎండలో పట్టాలు సాగే సందు కూడా ఇప్పుడే ఇవ్వండి. పది మీటర్ల ఇత్తడి పట్టా 40 డిగ్రీల తేడాకు సుమారు 7.6 మి.మీ. పెరుగుతుంది. సందు లేకపోతే మధ్యాహ్నానికి లైను పాములా వంకర తిరుగుతుంది.

కరెంటు పట్టాలా, బ్యాటరీ ఇంజినా?

మళ్లీ కడుతున్నారు కాబట్టి బ్యాటరీ, రిమోట్ గురించి గట్టిగా ఆలోచించండి. పట్టాల కింద వైర్లు ఎంత తక్కువ ఉంటే మట్టిలో పైపులు, జంక్షన్ డబ్బాలు, వాటిలో చెద కట్టే మట్టి అంత తక్కువ. కరెంటు పట్టాలే కావాలంటే డబ్బాలన్నీ నేల పైన గుంజకు తగిలించండి.

మొక్కలు, నీళ్లు ఎలా పెట్టాలి?

చెక్క పొట్టు, ఎండుటాకులు లైను దగ్గర పరచవద్దు. తేమ నిలిచి, తిండి దొరికి, చీకటి కూడా దొరుకుతుంది. అదే చోట చిన్న కంకర పరచండి. నీటి చుక్కల పైపు ఏదీ గుంజ మొదట్లో కారకుండా చూసుకోండి. కొట్టేసిన చెట్టు మొద్దు ఉంటే వేర్లతో సహా తవ్వించండి. నేల మీద పాకే మొక్కలు అందంగా ఉంటాయి, కానీ గుంజల మొదళ్లను కప్పేయనివ్వకండి.

ఎప్పుడు మళ్లీ పట్టాలు వేయొచ్చు?

ఎర డబ్బాల్లో చెదలు తినడం ఆగిపోయి, కొత్త మట్టి గొట్టాలు రాకుండా ఒక వానాకాలం గడిచాక. అంత ఆగలేనంటే దెబ్బ తగలని భాగంలో చిన్న రౌండు వేసి రైలు నడుపుకోండి. ఇంట్లో పిల్లలుంటే అది తప్పదు.

ఆ తర్వాత తనిఖీ ఎలా?

నెలకోసారి, వానల్లో పదిహేను రోజులకోసారి, టార్చ్ పట్టుకుని ప్రతి గుంజ నాలుగు వైపులా చూడండి. గుంజలకు నంబర్లు రాసుకుంటే మర్చిపోరు. పెన్సిల్ మందాన మట్టి గొట్టం కనిపిస్తే ఒక చిన్న ముక్క మాత్రమే విరగ్గొట్టి, రెండు రోజుల తర్వాత మళ్లీ రండి. పూడ్చి ఉంటే లోపల రాకపోకలు ఉన్నట్టే, ఎర వేసినవాళ్లను పిలవండి. పూడ్చకపోయినా నెల పాటు ఆ గుంజను వదలకండి, చెదలు ఇంకో వైపు నుంచి ఎక్కవచ్చు. నావి నలభై ఒక్క గుంజలు. మొన్నటి వానల్లో పదిహేడో నంబరు మీద ఆరు అంగుళాల గొట్టం కనిపించింది. పైన ప్లాస్టిక్ పట్టీ దాకా వచ్చి, తినడానికి ఏమీ లేక ఎండిపోయి ఉంది.